కోటయ్య మేస్త్రి దించిన మనుషులు

కోటయ్య మేస్త్రి ఇక లేరన్న దుర్వార్త పది రోజుల కిందట ఒక ఉదయం ఫోనులో విన్నాను. శావల్యాపురంలోని తమ ఇంట్లో టీ తాగుతూ గుండె ఆగి ఒరిగిపోయారట. జీవితమంతా ఎత్తైన పరంజాల మీద గడిపిన మనిషి నేల మీద, మంచం పక్కన అసువులు బాశారంటే నా మనసు ఇంకా అంగీకరించడం లేదు.

నరసరావుపేటలో మేం కడుతున్న ఆరంతస్తుల భవనానికి ఆయన పరంజా మేస్త్రి. డ్రోన్ ఎగరేసి, ఫొటోల్లో కార్మికుల భద్రతను పరిశీలించే ఇంజనీరును నేను. ఆయన్ను బాబాయ్ అని పిలిచేదాన్ని. మొదట్లో ఆయనకు ఆ యంత్రం గిట్టలేదు. నెత్తి మీద అది రొద చేస్తుంటే పైనున్న వాడికి కాలు నిలవదనీ, పని ఆగిన వేళే ఎగరేయాలనీ పట్టుబట్టారు. అందులోని న్యాయం నాకు ఆలస్యంగా బోధపడింది.

ఒకనాడు భోజనాల వేళ తీసిన ఫొటోను తర్వాత పరిశీలిస్తుంటే, నాలుగో అంతస్తు వద్ద పరంజాను గోడకు పట్టి ఉంచే బిగింపు ఊడినట్లు తోచింది. అప్పటికే పనివాళ్లు మళ్లీ పైకెక్కారు. నీడ కూడా కావచ్చని మేస్త్రితో అన్నాను.

“నీడైతే మళ్లీ ఎక్కుతారు. కాకపోతే ఏంది గతి?” అని ఆయన పైనున్న పన్నెండు మందినీ దించేశారు. సాయంత్రం గాలివానకు ఆ పరంజా కూలింది. కింద ఎవరూ లేరు.

మరోసారి, భద్రతా బెల్టు తగిలించుకోని ఒక కూలీని ఫొటో ఆధారంగా కాంట్రాక్టరు తీసేయబోయారు. బెల్టు కొక్కెం తగిలించడానికి అక్కడ తాడే కట్టలేదనీ, ఆ తప్పు తనదనీ, తీసేస్తే తననే తీసేయమనీ మేస్త్రి అడ్డుపడ్డారు. మర్నాడు తాడు కట్టారు.

“తప్పు కనపడితే ముందు మనిషిని దించమ్మాయ్. వాడి పేరు తర్వాత రాసుకుందువు” అన్నారు నాతో.

అంత్యక్రియలయ్యాక ఆయన చివరి వారపు ఫొటోలు తెరిచాను. ఒకదానిలో ఆయన శ్లాబు మీద కూర్చుని, ఎడమ భుజాన్ని అదిమి పట్టుకుని ఉన్నారు. కింద నా రాత: హెల్మెట్ ఉంది, బెల్టు ఉంది, సవ్యం. అది అలసటా, వేదనా? ఎంత చూసినా తెలియలేదు. ఎందుకో చెప్పలేను గానీ, ఆ ఫొటోను ఆయన భార్య వెంకాయమ్మ గారికి చూపించాను. ఆమె ఆ భుజం మీద వేలు పెట్టారు.

“నొప్పని నాతో ఎన్నడూ అన్లేదమ్మా. నీకేమన్నా చెప్పాడా?”

లేదన్నాను. నేను అడగలేదని మాత్రం చెప్పలేకపోయాను.

కొత్త మేస్త్రి వచ్చారు, సమర్థులే. అయినా ఆ ధర్మమూర్తి లేని లోటు పూడేది కాదు. ఆయనకు చేతులు జోడించాను. కృతజ్ఞత చెప్పాలో, క్షమాపణ కోరాలో తేలడం లేదు.