ఉప్పలయ్య, ముప్ఫై అంగుళాల స్పీకర్

నాచారం పారిశ్రామికవాడ వెనక సందులో ఉప్పలయ్య షెడ్డు. బయట రేకు మీద ‘స్పీకర్లకు కోన్ మార్చబడును’ అని రాసి ఉంటుంది. ఇరవై ఆరేళ్ళ కిందట స్పీకర్ల కంపెనీ మూతపడిన రోజు అతను అక్కడి నుంచి తెచ్చుకున్నవి రెండే: కాయిల్ చుట్టే చిన్న మిషను, చేతిలోని పని.

పని అయ్యాక ఒక పరీక్ష ఉంటుంది. స్పీకర్‌ను వెల్లకిలా పెట్టి, గరాటులా ఉండే కోన్ మీద రెండు చేతుల వేళ్ళూ సమంగా ఆనించి, మెల్లగా నొక్కి వదలాలి. లోపల కాయిల్ మ్యాగ్నెట్‌కు ఎక్కడైనా రాసుకుంటే గీకినట్టు వినపడుతుంది. బియ్యంలో వేలు తిప్పినంత చప్పుడు. అది వినపడిందా, పని మళ్ళీ మొదటికి.

రెండేళ్ళుగా ఆ చప్పుడు ఉప్పలయ్యకు వినపడటం లేదు. మొదట అదొక్కటే పోయింది. తర్వాత కుక్కర్ విజిల్ పోయింది. తర్వాత మాటలు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి సగం, ఊహించి సగం పట్టుకుంటాడు. దవాఖానాలో చెవికి మిషను పెట్టి చూశారు. గోల పెరిగింది గాని మాట తేటపడలేదు.

ఇప్పుడు అతను నొక్కుతాడు, భార్య సత్తమ్మ వింటుంది. ఆమె తల నిలువుగా ఊపితే స్పీకర్ గిరాకీ చేతికి పోతుంది, అడ్డంగా ఊపితే బల్ల మీదే ఉంటుంది. భార్య షెడ్డులో ఎందుకు కూర్చుంటుందని ఎవరైనా అడిగితే, కోన్ల నడుమ దుమ్ము పడకుండా మూసే టోపీలు అంటించడానికి అని చెప్పేవాళ్ళు. చెవుల సంగతి స్పీకర్లు తెచ్చే బ్యాండువాళ్ళకు తెలిస్తే మరునాటి నుంచి ఒక్క స్పీకరూ రాదు.

వానాకాలం మొదట్లో కామరాజు గారు వచ్చారు. ఉప్పల్‌లో ఉంటారు, రిటైరైన లెక్కల మాస్టారు. ఆటో ట్రాలీలోంచి ఇద్దరు మనుషులు దించిన దాన్ని చూసి ఉప్పలయ్య లేచి నిలబడ్డాడు. ముప్ఫై అంగుళాల స్పీకర్. పెళ్ళివంటల బేసిన్ అంత. అతను కంపెనీలో చేసిన వాటిలో అన్నిటికన్నా పెద్దది పద్దెనిమిది.

“అంబర్‌పేటలో పాత సినిమా హాలు పడగొడుతుంటే జత కొన్నానండీ,” అన్నారు కామరాజు గారు. “ఒకటి మా ఇంట్లో పలుకుతోంది. దీని కోన్ చీలింది. ఇంకెవరూ దీన్ని ముట్టుకోవడం లేదు. మీరు చెయ్యగలరా?”

సత్తమ్మ వెనక నిలబడి, మొగుడికి కనపడేలా చేతితో చీలిక చూపించింది. ఉప్పలయ్యకు అర్థమైంది.

“రెండోదాన్ని సూడాలె సార్,” అన్నాడు.

ఆ సాయంత్రం ఉప్పల్ వెళ్ళాడు. కామరాజు గారు ఏదో పాట పెట్టారు. ఏ పాటో ఉప్పలయ్యకు తెలియలేదు. కాని గచ్చు కదిలింది. అరికాళ్ళ నుంచి మోకాళ్ళకు, మోకాళ్ళ నుంచి పక్కటెముకలకు ఏదో ఎక్కి వచ్చింది. కోన్ మీద అరచేతులు పెట్టాడు. మోచేతుల దాకా ఆడింది. రెండేళ్ళలో ఎవరి తల ఊపుతోనూ పని లేకుండా అతని దగ్గరికి వచ్చిన చప్పుడు అదే.

తిరుగు దారిలో బస్సులో కిటికీ కమ్మీ పట్టుకుని ఒకటే అనుకున్నాడు. ఈ ఒక్కదాన్ని తన చేతులతో చేసి, తన చేతులతోనే పరీక్ష చెయ్యాలి. అది జరిగితే తానింకా పనివాడే. జరగకపోతే, ఇక సత్తమ్మ వెనక కూర్చున్న మనిషి.

మరునాడు పొద్దున ఆమెను షెడ్డులోంచి పొమ్మన్నాడు.

“ఏంది, నన్నే పొమ్మంటున్నవా?”

“పో. రేషన్ తెచ్చుకో. దీనికి నీ చెవులు అక్కర లేదు.”

“అబ్బో! మా ఆయనకు రాత్రికి రాత్రి చెవులు మొలిసినయ్,” అని సంచీ తీసుకుని వెళ్ళింది.

కోన్‌కు దట్టంగా నల్ల రంగు వేసి ఉంది. కొత్త కోన్ వస్తే ముందు గోటితో తట్టి వినడం అలవాటు. కాగితం ఒక తీరుగా పలుకుతుంది, బట్ట ఒక తీరుగా. ఉప్పలయ్య తట్టాడు. ఏమీ వినపడలేదు. తన చేతికి వచ్చిన కోన్లు దాదాపు అన్నీ కాగితానివే, ఇదీ అంతే అనుకున్నాడు. చీలిక పొడవునా సొల్యూషన్ జిగురు పోసి, వెనక్కి తిరిగి, అతుకు వెయ్యడానికి కాగితం కత్తిరించసాగాడు.

ఆ కోన్ కాగితం కాదు, థర్మాకోల్. సొల్యూషన్ తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది. కరిగేటప్పుడు పెనం మీద నీళ్ళు పడ్డట్టు సుర్రుమంటుంది. చెవులున్న ఎవరైనా వెంటనే తిరిగి చూసేవారు. ఉప్పలయ్య అతుకు పూర్తిగా కత్తిరించి, అంచులు సరిచేసి, అప్పుడు తిరిగాడు. చీలిక ఉన్నచోట అన్నం పళ్ళెమంత రంధ్రం ఉంది. దాని అంచులు ఇంకా లోపలికి ముడుచుకుంటున్నాయి.

సత్తమ్మ వచ్చేసరికి అతను నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె సంచీ దించి చూసింది. ఫోన్ మోగితే ఆమే తీసింది.

“మాస్టారు. ఆదివారం వస్తడంట. ఏం చెప్పాలె?”

ఆమె పెదవులు చూసి, “అయితదని చెప్పు,” అన్నాడు.

“అయితది సార్,” అని చెప్పింది.

ఉప్పల్‌లో ఫంక్షన్ హాళ్ళకు పెళ్ళికొడుకుల, పెళ్ళికూతుళ్ళ పేర్లు థర్మాకోల్‌లో కోసే తారామణి ఉంది. కరెంటుతో వేడెక్కే తీగతో కోస్తుంది. ఇద్దరూ థర్మాకోల్ దిమ్మలు కొని, మోసుకుని ఆమె దగ్గరికి పోయారు. కరిగిన కోన్‌ను చూపించి అట్లాంటిదే కావాలన్నాడు ఉప్పలయ్య.

తారామణి దాన్ని తిప్పి తిప్పి చూసి, “పేర్లు కోస్తగని గిదేందక్కా? ఏ పెండ్లికొడుకుకు గింత తట్ట?” అంది.

“మా ఆయనకే. రెండో పెండ్లి,” అంది సత్తమ్మ.

ఇద్దరూ నవ్వారు. ఎందుకు నవ్వారో తెలియక ఉప్పలయ్య కూడా నవ్వాడు.

శుక్రవారం తారామణి కోసిచ్చిన కోన్‌ను కాయిల్‌కు అతికించాడు, ఈసారి వడ్రంగులు వాడే తెల్ల జిగురుతో. కాయిల్ చుట్టూ ఎక్స్‌రే ఫిల్ము ముక్కలు దోపి నడిమికి నిలబెట్టాడు. వాన పట్టింది. తెల్ల జిగురు ఆరలేదు. శనివారమంతా ఆరలేదు. ఆదివారం పొద్దున ఫిల్ము ముక్కలు లాగేసి, టోపీ పెట్టి, తీగలు కలిపాడు. సత్తమ్మను గుమ్మం బయట నిలబడమన్నాడు.

పాట పెట్టి అరచేతులు ఆనించాడు. కోన్ కదిలింది. గచ్చు కదిలింది. మోచేతుల దాకా వచ్చింది, భుజాల దాకా వచ్చింది. ఉప్పలయ్య కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు.

కళ్ళు తెరిచేసరికి సత్తమ్మ గుమ్మంలో ఉంది. ఆమె తల ఎటూ ఊగలేదు.

“సూసినవా? మంచిగున్నది,” అన్నాడు.

“మంచిగున్నది.”

“నా మొఖం సూసి చెప్పు.”

ఆమె చూడలేదు. ఉప్పలయ్య పాట ఆపి, వేళ్ళతో కోన్‌ను నొక్కి, వదిలి, “ఒట్టు పెట్టి చెప్పు సత్తమ్మా,” అన్నాడు.

“గీకుతున్నది,” అందామె. “అంతటా గీకుతున్నది.”

అతను పాట మళ్ళీ పెట్టి చేతులు ఆనించాడు. ఆరని జిగురు మీద బరువుకు కోన్ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. అరచేతులకు మాత్రం మంచి చప్పుడూ గీకే చప్పుడూ ఒకటే. పాడైన చప్పుడూ అంతే బలంగా భుజాల దాకా వస్తోంది.

పదకొండింటికి కామరాజు గారు వచ్చారు. సత్తమ్మ ఏదో చెప్పబోతే ఉప్పలయ్య ఆమె చెయ్యి పట్టి ఆపాడు.

“మీ కోన్ నేనే కరగబెట్టిన సార్. గిది కొత్తది, గిది కూడ కరాబైంది. నాకు రెండేండ్ల సంది వినవడదు. మీకు చెప్పలే.”

కామరాజు గారు చాలాసేపు మాట్లాడారు. మధ్యలో తల తిప్పుకోవడంతో పెదవులు దొరకలేదు. సత్తమ్మ నేల చూస్తోంది. చివరికి ఆయన ఆటో మనిషిని పిలిచి, స్పీకర్‌ను అట్లాగే ఎత్తించుకుని వెళ్ళిపోయారు.

“ఏమన్నడు?”

“తర్వాత చెప్త.”

“ఏమన్నడే?”

“ముందే చెప్తే నేనొచ్చి పక్కన కూసోని వినేటోణ్ణి గదా అన్నడు. అదే మాట మూడుసార్లన్నడు.”

ఉప్పలయ్య ఖాళీ బల్ల మీద తెల్ల పొట్టును చేత్తో తుడిచాడు. అది చేతికే అంటుకుంది.

మధ్యాహ్నం ఘట్‌కేసర్ బ్యాండు మేళం హృషికేశ్ భుజం మీద పద్దెనిమిది అంగుళాల స్పీకర్ మోసుకొచ్చాడు. గుమ్మంలోంచే, “అన్నా, జర జల్ది గావాలె, ఎల్లుండి పెండ్లి బరాత్ ఉన్నది,” అన్నాడు.

సత్తమ్మ ఎప్పటిలా జవాబు చెప్పడానికి లేచింది. ఉప్పలయ్య ముందుకు వచ్చాడు.

“నాకు వినవడదు తమ్మీ. రెండేండ్లాయె. నేను చేస్త, ఈమె వింటది. నీకు ఇష్టముంటెనే దించు.”

హృషికేశ్ సత్తమ్మను చూశాడు. బల్లను చూశాడు. భుజం మీది బరువును ఒకసారి సర్దుకున్నాడు. దించలేదు, వెనక్కీ తిరగలేదు.

సత్తమ్మ పీట లాక్కుని, బల్ల పక్కన తన చోట కూర్చుంది.