మొలతాడు లేని రోజులు

కిర్రుమని గిలక మూలిగింది. ఆ వెనకే, ఎడ్లు బావిలోంచి లాగిన కపిల బాన కాలవలో దబ్బుమని బోర్లపడింది. పత్తికొండ పక్క ఎర్ర చేలల్లో తెల్లవారడమంటే ఆ రెండు చప్పుళ్లే. ఆ రోజు కపిల తోలుతున్నది ఎవరో కూలిమనిషి. ఆ ఎడ్లు గల ఉరుకుందప్ప మాత్రం కొట్టంలో వెల్లకిలా పడుకుని, కదలడానికి భయపడుతూ వింటున్నాడు.

బుద్ధెరిగినప్పటి నుంచి అతని బతుకు బావిగట్టు మీదే. ఎడ్లు వాలులోకి దిగుతుంటే మోకు మీదెక్కి కూర్చుని, ఆకాశం తన ఒళ్లోకి జారుతున్నట్టు పాడేవాడు. ఎడమ బీజం పైన నరాలు వానపాముల్లా చుట్టుకుని లాగడం మొదలయ్యాక పాట ఆగింది. కర్నూలు ఆసుపత్రిలో కోసి ఆ నరాలు ముడివేశారు.

పంపేటప్పుడు డాక్టరు హెచ్చరించాడు. "రాత్రీ పగలూ గోచి బిగించి కట్టుకో. పడుకుంటే కింద గుడ్డ మడిచి ఎత్తుగా పెట్టు. బరువులెత్తొద్దు. వేలాడనిస్తే నీరు చేరుతుంది. వాపొస్తే దాచకుండా రా."

అన్నిటికీ తలూపాడు. ఒక్క మాట దాచాడు. కోసేముందు అతని మొలతాడు కత్తిరించేశారు. అది తల్లి గిడ్డమ్మ ఉరుకుంద ఈరన్న సన్నిధిలో కట్టినది. తెగితే శ్రావణంలో మళ్లీ అక్కడే కట్టుకోవాలి, అంతదాకా వేరే తాడు నడుముకు తగలకూడదు. అది ఇంటి కట్టుబాటు. తాడు లేనిదే గోచి ఎక్కడ నిలుస్తుంది? పంచె వదులుగా చుట్టుకుని పడుకున్నాడు.

ఆ ఉదయం చెయ్యి వేస్తే ఎడమవైపు బరువు. నొప్పి లేదు. మెత్తగా, నిండుగా ఉంది. వాన ఎరగని నేలలో ఏ చెలమలోనూ ఊరని నీరు తన ఒంట్లో ఊరుతోంది. చిన్నాయనకు బుడ్డ దిగి కుండంతైతే సంతలో జనం వెంటపడి నవ్వడం కళ్లముందు కదిలింది. ఇక కపిల తనది కాదు.

గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య హంపమ్మ సంగటి తెచ్చింది. "ఏమయ్యా, గోడకల్ల తిరిగి పండుకుండావు?"

"ఏం లేదులే."

"ఏం ల్యాకుంటే చెమటలేల పడతాండాయి? ఏదీ, సూపీ."

"సూపేదేముండాది."

"ఇన్నేండ్లకు సిగ్గొచ్చెనా నీకు?"

చూసింది. ఆమె గొంతు తగ్గిపోయింది. "గోచి యాడ?"

మొలతాడు సంగతి చెప్పాడు.

"శ్రావణం దాకా దేవుడు కాసుకుంటాడు. నీరు కాసుకుంటాదా?"

పాత చీర అంచు చించి, అతని భుజాల మీదుగా వేసి, దానికి గోచి గుడ్డ ముడివేసి పైకి లాగి కట్టింది. తాడు నడుమును తాకలేదు. ఆ పూటే బండి కట్టించి, పత్తికొండలో బస్సెక్కించి కర్నూలు తీసుకుపోయింది.

"ఎవరు కట్టారయ్యా ఇది, ఎద్దుకు పలుపు వేసినట్టు?" అని డాక్టరు నవ్వాడు. తలుపులు మూసి చీకటి చేసి, వాపు వెనక బ్యాటరీ లైటు పెట్టాడు. లోపల దీపం వెలిగినట్టు ఎర్రగా మెరిసింది. ఉరుకుందప్ప కళ్లు మూసుకున్నాడు.

"నీరే, కొంచెమే. కట్టు వదలకు, తగ్గొచ్చు. పెరిగితే మళ్లీ కోయాలి."

రోజూ నిద్ర లేస్తూనే, కళ్లు తెరవకముందే, చెయ్యి అటే పోయేది. శ్రావణానికి వాపు దిగింది. ఆ అలవాటు పోలేదు. చివరిసారి బావిగట్టు మీద కలిసినప్పుడు, ఇది రాస్తున్నవాడితో అతను అన్నది ఇంతే:

"నొప్పి ల్యాకుండా వస్తాదప్పా అది. అందుకే నాకు ఇంకా భయం."