యేసుపాదం కుడిచెయ్యి

డెబ్బై తొమ్మిదో సంవత్సరం, మాఘమాసంలో ఒక శనివారం, సాయంత్రం నాలుగున్నర గంటలకు యేసుపాదం కుడిచెయ్యి పోయింది. పోయిందని అప్పుడు మాకెవరికీ తెలియదు. ఈ పొద్దున మనవరాలు వాకిలి అలుకుతుంటే పచ్చిపేడ వాసన వచ్చి ఆ రోజంతా కళ్ళముందు నిలబడింది. మా ఊళ్ళో ఇప్పుడు కల్లాలు లేవు, వడ్లు తార్రోడ్డు మీదే ఆరబోస్తున్నారు. యేసుపాదాన్ని ఎరిగినవాళ్ళూ తగ్గిపోయారు. అందుకే రాస్తున్నాను. బాగా రాయడం నాకు రాదు. నలభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి.

ఏన్కూరు దాటి అడవి మొదలయ్యే చోట మా ఊరు. అతను మా వాడ పిల్లవాడే, నాకంటే పదేళ్ళు చిన్న. కోతలయ్యాక, పేడతో అలికి దిమ్మిసతో కొట్టి గట్టిపరచిన కల్లంలో క్రికెట్ బంతి వేయడం నేర్చాడు. ఆ నేలమీద బంతి పైకి లేవదు, పాములా కిందికి జారిపోతుంది. ఆ బంతితోనే ఖమ్మం దాటి, హైదరాబాదు దాటి, భారత జట్టులోకి పోయాడు. అతను పరదేశంలో వికెట్లు పడగొడుతుంటే పెద్దవీధి వాళ్ళు హోటలు బల్లల మీద కూర్చుని రేడియో విన్నారు. మా వాడవాళ్ళం బయట నిలబడి విన్నాం. మరుసటి ఏడు ఆ పరదేశంలోనే బంతి ఆపబోయి పడ్డాడు. కుడిభుజం జారింది. అతని చోటు ఇంకొకరికి పోయింది. ఇంటికి వచ్చాడు.

వచ్చిన కొన్నాళ్ళకు నా దగ్గరికొచ్చి, "పుల్లన్నా, కల్లం అలికిపెట్టు" అన్నాడు.

"వడ్లన్నీ ఇంటికి చేరినయ్ కదరా, ఇంక కల్లమెందుకు?"

"నా చెయ్యి ఇంకా ఇంటికి రాలే అన్నా."

రెండేళ్ళు అలికాను. అతను ఒక్క కట్టె పాతి, దానికే వేసేవాడు. మొదట్లో బంతి సగం దూరం కూడా పోయేది కాదు. వేసిన ప్రతిసారీ పళ్ళు కొరుక్కునేవాడు. చూడలేక నేను వేరే పని పెట్టుకునేవాణ్ణి. చివరికి చెయ్యి తిరిగింది. పెద్ద పోటీల్లో మళ్ళీ ఆడాడు. ఒకనాడు రేడియోలో భారత జట్టు పేర్లు చదువుతూ అతని పేరు కూడా చదివారు.

ఆ శనివారం సాయంత్రం బస్సెక్కి, ఖమ్మంలో రైలు పట్టుకుని, జట్టులో చేరడానికి మద్రాసు పోవాలి. మా వాడ నుంచి బస్సు దగ్గరికి పెద్దవీధి మీదుగానే దారి. అతని తండ్రి బతికినన్నాళ్ళూ ఆ వీధిలో చెప్పులు చేతబట్టుకుని నడిచాడు. ఆ వీధి మొదట్లో సర్పంచి రాఘవరెడ్డి ఎదురొచ్చి, "మనోడురా! ఇండియాకు ఆడెటోడు నడుసుడేంది? ఎత్తుండ్రి!" అని కేకేశాడు. ఇద్దరు భుజాల మీదికి ఎత్తుకున్నారు. రెండు పక్కలా ఇద్దరు చేరి, ఊరందరికీ కనబడాలని అతని చేతులు చాచి లాగి పట్టుకున్నారు. డప్పు మోగింది. అతని తల్లి మరియమ్మ, "అయ్యా, ఆ భుజం పైలం, ఆ భుజం పైలం" అంటూ వెనక ఉరికింది. డప్పులో ముందున్నవాళ్ళెవరికీ వినబడలేదు. వీధి పొడుగునా అట్లాగే తీసుకుపోయారు. బస్సులోంచి అతను మాకు ఎడమచెయ్యి ఊపాడు. ముఖం నిండా చెమట. సంతోషమనుకున్నాను.

వారం తిరక్కముందే తిరిగొచ్చాడు. మద్రాసులో చెయ్యి భుజం దాటి లేవలేదట. కీలు మళ్ళీ చిరిగింది, నరం నలిగింది, ఇక ఆట లేదని డాక్టర్లు చెప్పేశారట. హోటలు సత్యం చాయ్ అందిస్తూ, "ఏందిరా పాదం, నువ్వొద్దన్నరా ఇండియావోళ్ళు?" అన్నాడు. హోటల్లో అందరూ నవ్వారు. పాదం కూడా నవ్వాడు. గ్లాసు ఎడమచేత్తో అందుకున్నాడు.

కుడిచేతి వేళ్ళు మొద్దుబారాయి. ఒకప్పుడు పిల్లలు వెంటబడి సంతకాలు చేయించుకున్న చెయ్యి అది. ఒకసారి ఇంటి కాగితం పనిమీద ఆఫీసుకు పోతే, "సంతకం కలుస్తలేదు, వేలిముద్ర ఎయ్యి" అన్నారు. వేసి వచ్చాడు. ఆ సాయంత్రం రెండు పలకలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"ఒకటి నీకు. నేను ఎడమచేత్తో నేర్సుకోవాలె. ఒక్కణ్ణే దిద్దాలంటే సిగ్గయితాంది. కూసో అన్నా."

"ఈ వయసుల నాకెందుకురా?"

"నా పక్కన ఒకడుండాలె."

అట్లా నేర్చుకున్నాను. అతని ఎడమచేతి రాత చూసి దిద్దినవాణ్ణి కనుక నా అక్షరాలు ఇప్పటికీ అతని అక్షరాల్లాగే వెనక్కి ఒరుగుతాయి.

ఒకరోజు దిద్దుతూ దిద్దుతూ అడిగాను. "ఆ శనివారం నాడు భుజం ఏడ జారిందిరా?"

"పెద్దవీధి మొదట్లనే."

"దించుమంటే అయిపోవు గదరా!"

పలక తుడిచాడు. "మా నాయన చెప్పులు చేతవట్టుకొని నడిచిన వీధి అన్నా. ఆ వీధి నన్ను ఎత్తుకున్నది. దించుమని ఎట్లనాలె?"

నాకు కోపమొచ్చింది. "పిచ్చోడా! వాళ్ళు ఎత్తుకున్నది నిన్ను కాదు, రేడియోల పేరును."

"ఎరుకే" అన్నాడు.

ఆ ఒక్కమాట నన్నింకా వదల్లేదు. తొంభైల్లో ఒక వానాకాలం జ్వరమొచ్చి పోయాడు. ఈసారి మా వాడవాళ్ళమే మోశాం, పొలాల గట్ల వెంట. పెద్దవీధి నుంచి ఒక్కరూ రాలేదు. రేడియో ఏమీ చెప్పలేదు.

ఆ రోజు వీధిలో చెడ్డవాడెవడూ లేడు. పగవాడెవడైనా చెయ్యి పట్టుకుని ఉంటే విడిపించుకునేవాడు. అందుకే ఎవరిని తిట్టాలో ఇన్నేళ్ళైనా నాకు తెలియదు. పేర్లు రాయడం మాత్రం తెలుసు, అతను నేర్పాడు కనుక. కుడిచెయ్యి లాగి పట్టుకున్నది సర్పంచి రాఘవరెడ్డి. ఎడమచెయ్యి హోటలు సత్యం. మోసింది లింగారెడ్డి, కోటయ్య. డప్పు కొట్టింది మా ముత్తయ్య. వెనక ఉరికింది మరియమ్మ. ఆమె పక్కన అతని సంచీ మోస్తూ నేను, పుల్లయ్య. అందరికీ పైన, నవ్వుతూ, యేసుపాదం.