‘ఏం తెలుస్తలేదు’ అన్న మాట

1996 జూన్‌లో పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక మందుల ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో ఆక్యుప్రెషర్ పనికి కుదిరాను. బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. అక్షరాలు నాన్నగారు, ఈ విద్య మా మేనత్త ఇంట్లోనే నేర్పారు. అలాంటి నాకు ఆ కుర్చీ దొరకడం భగవంతుడి దయే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను. అక్కడ వారానికి రెండు రోజులు వచ్చే డాక్టరుగారు, ఆయన కింద కాంపౌండరు, అందరికన్నా కింద నేను. మందు ఇవ్వకూడదు, సెలవు రాయకూడదు. అనుమానం వస్తే డాక్టరుగారికి చీటీ రాయాలి. నాకున్న అధికారం ఆ చీటీ ఒక్కటే.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది ప్యాకింగ్ ఆడవాళ్లు. రోజంతా తల వంచి నిలబడితే మెడ పక్క కండరం తాడులా బిగుసుకుని, ఒకచోట శనగగింజంత ముడి కడుతుంది. ట్రిగ్గర్ పాయింట్ అంటే అదే. ముడి ఒకచోట, నొప్పి ఇంకోచోట. మెడలోది చేతిలోకి దిగుతుంది. మనిషి ఓర్చుకోగలిగినంత మాత్రమే బొటనవేలితో నొక్కి, నొప్పి సగమయ్యేదాకా పట్టి ఉంచి, మెల్లగా వదలాలి. తర్వాత కండరాన్ని సాగదీసి వేడి గుడ్డ వేస్తాం.

కర్దనూర్ నుంచి వచ్చే యాదమ్మకు నలభై దాటి ఉంటాయి. అంతకుముందు పొలాల్లో కైకిలి, అంటే కూలిపని, చేసేది, ఇప్పుడు కాంట్రాక్టు మీద మందు సంచుల అంచులను వేడి పట్టీ మీద అతికిస్తోంది. కుడి మెడ నుంచి బొటనవేలి దాకా గుంజుతోందని వచ్చింది. నొప్పి వేళ్ల దాకా దిగితే చీటీ రాయాలన్నది నియమం. కలం తీసేసరికి నా చెయ్యి పట్టుకుంది.

“రాయకు మేడమ్. డాక్టరు సారు రెస్టు రాస్తడు. వారం పోతే నా జాగల ఇంకొకతె నిలవడ్తది. జెర నువ్వే సూడు.”

జాలిపడ్డాను. కలం పక్కన పెట్టి, రోజు విడిచి రోజు రమ్మన్నాను.

నాలుగోసారి వచ్చినప్పుడు, ఆమె పక్కనే నిలబడి పనిచేసే లక్ష్మి తోడుగా వచ్చి టీ తెచ్చింది. యాదమ్మ చేతిలో గ్లాసు జారి కింద పడింది. “పొద్దటి సంది ఇది రెండో గ్లాసు మేడమ్. వెన్న పూసుకొని వచ్చిందేమో,” అంది లక్ష్మి. “నీ నోరు జారినంత జారలేదులే,” అంది యాదమ్మ. ముగ్గురం నవ్వుకున్నాం.

మూడో వారం చివర యాదమ్మ మొహం తేటగా ఉంది. “దేవుని దయ మేడమ్. ఇప్పుడు చేతిల ఏం తెలుస్తలేదు,” అంది. రిజిస్టరులో ‘నొప్పి లేదు’ అని రాశాను. ఆ సాయంత్రం దీపం పెట్టి, నా చేతులకు ఆ గుణం ఇచ్చినందుకు దండం పెట్టుకున్నాను.

సోమవారం ఆమెను డిస్పెన్సరీకి పట్టుకొచ్చారు. పనిచేస్తుండగా బొటనవేలు, చూపుడువేలు వేడి పట్టీకి ఆని కాలిపోయాయి. కాలిన వాసన వచ్చి లక్ష్మి చెయ్యి లాగేదాకా ఆమెకు తెలియలేదు. ఏడవడం లేదు. వేళ్లను వేరేవాళ్లవన్నట్టు చూసుకుంటోంది.

డాక్టరుగారు ఆమెను కళ్లు మూసుకోమని, దూది వేళ్లకు తాకించి చెప్పమన్నారు. ఆమె చెప్పలేకపోయింది. మెడలో నరం నలిగిందని, అలా నలిగినప్పుడు నొప్పి పోయి స్పర్శ కూడా పోవచ్చని నాకు వివరించారు. నేను నొక్కడం వల్ల జరిగిందని అనలేదు. మూడు వారాల కిందట చీటీ వచ్చి ఉంటే బాగుండేదని మాత్రం అన్నారు. ఆయన నన్ను పనిలోంచి తీసేయలేదు, ఆ దూది పరీక్ష దగ్గరుండి నేర్పారు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

పట్నం ఆసుపత్రిలో పుండ్లు మానాయి, పట్టు తిరిగి రాలేదు. కాంట్రాక్టరు ఆమె చోట ఇంకొకామెను నిలబెట్టాడు.

ఆ తర్వాత నా దగ్గరికి ఎవరు వచ్చినా ముందు వేళ్లు తాకి చూసి, నా చెయ్యి గట్టిగా పట్టుకోమని అడిగి, ఆ తర్వాతే నొప్పి సంగతి అడిగేదాన్ని. ఎవరు బతిమాలినా చీటీ ఆపలేదు. నొప్పి తగ్గించడం నా పని. అది ఎందుకు తగ్గిందో తెలుసుకోవడం కూడా నా పనే. ఆ రెండోది నేను నేర్చుకునేలోపు యాదమ్మ కుడిచెయ్యి పనికి రాకుండా పోయింది.