అత్త నోట్లోని నిప్పు

మా మేనత్త పోయిందని తమ్ముడు ఫోన్ చేసేసరికి విజయనగరంలో క్లాసులో పాఠం చెప్తున్నాను. "అత్త ఎలిపోనాదక్కా" అన్నాడు. పాఠం పూర్తిచేసే బయటికొచ్చాను. ఎందుకో నాకిప్పటికీ తెలీదు.

శ్రీకాకుళం తీరాన మా ఊరి ఆడవాళ్లు చాలామందిలాగే అత్త అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకుని, నెత్తిన చేపల తట్టతో ఊళ్లు తిరిగేది. అలాగే బేరమాడేది, ఒక్క మాటా తడబడేది కాదు. "నిప్పు బయటుంటే గాలి తినేస్తాది. లోపలుంటే నానే తింతాను" అనేది.

షుగరు వచ్చాక టీలో పంచదార మానేసింది, అన్నం తగ్గించింది, పూట తప్పకుండా మాత్ర వేసుకునేది. అయినా షుగరు దిగేది కాదు. దొంగచాటుగా ఏదో తింటోందని అందరం అనుమానించాం. ఒకసారి నేనే ఆమె తలగడ కింద బెల్లం కోసం వెతికాను. "ఏటే, పోలీసులాగొచ్చినావు?" అని నవ్వింది. అక్కడ ఏమీ లేదు.

చిగుళ్లు వాచి రక్తం కారుతుంటే వయసులే అనుకున్నాం. మీ ఇంట్లో షుగరున్నవాళ్ల నోట్లోకి ఎప్పుడైనా చూశారా? నేను చూడలేదు.

బొటనవేలు నల్లబడితే పట్నం తీసుకెళ్లాను. చుట్టా బీడీ అలవాటుందా అని డాక్టరు అడిగారు. అత్త నావైపు చూసింది. నిప్పు నోట్లో పెట్టుకునే ఇంటి పిల్లనని చెప్పుకోవడానికి సిగ్గేసింది నాకు. "లేదండి" అన్నాను. అత్త తల వంచుకుంది. కట్టు కట్టి పంపారు.

కొన్ని నెలలకు మరో డాక్టరు ఆమె నోరు తెరిపించారు. చిగుళ్లలో చీమున్నంతకాలం షుగరు అదుపులోకి రావడం కష్టమని, చుట్ట పొగ కాళ్లలోని రక్తనాళాలను మరింత ఇరుకు చేస్తుందని చెప్పారు. చిగుళ్లు శుభ్రం చేయించి, కదిలిపోయిన పళ్లన్నీ తీయించాం. చుట్ట మానేసింది. షుగరు కొంత దిగింది. కాలికే ఆలస్యమైపోయింది. ముందు వేలు తీశారు, తర్వాత పాదం. అప్పటికే చీము ఒంట్లోకి పాకింది. అత్త పోయాక, ఆ రోజు నిజం చెప్పి ఉంటే బతికేదా అని ఆ డాక్టరునే అడిగాను. చెప్పలేమన్నారాయన. ఆ మాట ఓదార్పో, శిక్షో తేల్చుకోలేకపోతున్నాను.

ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు అత్తే ఆ సంగతెత్తింది.

"నీకు సిగ్గైనాదని నాకు తెల్సునే. నీ మాట పోనీయకూడదని నానూ ఊరుకున్నాను."

ఆమె కిటికీ వెలుగు వైపు మెల్లగా తల తిప్పింది. "ఇప్పుడు సూడు" అని నోరు తెరిచింది. బోసి చిగుళ్లు, అంగిటి మీద ఏళ్లనాటి కాలిన తెల్లమచ్చలు. నాకు బాగా కనబడాలని, చాలాసేపు అలాగే తెరిచి ఉంచింది.