తాలుకాయల్లో కమ్మ

ఆ రోజు నేను చేసిన నిర్వాకానికి మా అక్క నన్ను మిరపకాయల టిక్కీ బస్తాలో తొక్కి, మూతి కుట్టి, గుంటూరు యార్డుకు పంపించలేదంటే అది ఆమె మంచితనమే. వినండి.

ఎనభైల్లో మాట. పదో తరగతితో బడి మానేసినా, గురజాల లైబ్రరీలో బీరువాలకు బీరువాలు నమిలేస్తున్న రోజులు. ఆ వారం చదివింది కంటిచూపు గురించి. ఏదైనా వెతికేటప్పుడు దాని రంగు మనసులో పెట్టుకుంటే చాలట, ఆ రంగు కానివి ఎదురుగా ఎన్ని ఉన్నా కన్ను లెక్కచేయదట! ఇంత గొప్ప యంత్రాన్ని ముఖాన పెట్టుకుని ఊరికే తిరుగుతున్నానా అని, అద్దంలో నా కళ్లకు నేనే నమస్కారం పెట్టుకున్నాను.

ఆ పొంగులోనే అక్కావాళ్ల మిరప కల్లానికి వెళ్లాను. చొక్కా జేబులో అక్క అత్తగారి చెవికమ్మ ఉంది, కంసాలి దగ్గర మర బాగుచేయించి తెస్తున్నాను. కల్లంలో ఎర్రటి రాశి చుట్టూ ఆడవాళ్లు కూర్చుని తాలుకాయలు, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయలు, ఏరి వెనక్కి వేస్తున్నారు. అందరిలోకీ పెద్దది ఖాసింబీ పిన్ని. నోరు కబుర్లలో ఉన్నా, చెయ్యి మాత్రం గింజలేరే కోడిపెట్టలా టకటకా ఆడుతోంది. నేను రాశి మీదికి వంగి, కంటి గొప్పతనం మీద ఉపన్యాసం దంచాను. అది ముగించి జేబు తడుముకుంటే ఏముంది? జేబే ఉంది.

"ఒరేయ్, అది మా అత్తదిరా! సాయంత్రం బస్సుకి దిగుద్ది. ఈలోపే లారీ వచ్చి సరుకెత్తుకుపోద్ది!" అక్క గుండెలు బాదుకుంది.

"కంగారుపడకక్కా, సైన్సుంది. అందరూ వినండి! కమ్మ నడుమ కెంపుంది. మనసులో ఎరుపు పెట్టుకోండి. ఎర్రది తప్ప ఇంకేదీ చూడొద్దు!"

పాపం, పెట్టుకున్నారు. ఎటు చూసినా ఎరుపే! కల్లం కల్లమంతా కెంపే! గంటసేపు మోచేతుల దాకా ముంచి దేవాం. తుమ్ములు తప్ప ఏమీ దొరకలేదు.

"అబ్బయ్యా, మిరపకాయల్లో ఎర్రది ఎతకమంటావేందిరా?" అంది ఖాసింబీ పిన్ని. "కమ్మకి ఇంకే రాళ్లూ లేవా?"

"ఉన్నాయి పిన్నీ. చుట్టూ తెల్లరాళ్లు." నసిగాను.

"తెల్లయ్యా! ఆ మాట ముందే ఏడవొద్దూ! పొద్దున్నుంచీ నా కళ్లకి తెల్లదే కదరా కనపడేది. ఎరుపు ఉందన్న సంగతే మర్చిపోయా." అంటూ ఆగింది. "ఉండుండు. ఇందాక ఓ తాలుకాయ చానా గట్టిగా తగిలింది చేతికి."

వెనకున్న తాలుకుప్పలో చెయ్యి పెట్టింది. కమ్మ!

పోయిందని నాకు తెలియకముందే ఆమె కన్ను దాన్ని పట్టేసింది, చెయ్యి ఏరేసింది. నేను పుస్తకంలో చదివిన కన్ను చీర కొంగు నెత్తిన వేసుకుని నా ఎదుటే కూర్చుంటే, నేను దానికే పాఠం చెప్పాను! ఆమె చేతులకు దణ్ణం పెట్టాను. ఆనందంతో నీళ్లు తిరిగితే, రెండు చేతులతో కళ్లు గట్టిగా తుడుచుకున్నాను.

ఆ చేతులతోనే.

నా కేకలకు కల్లంలో పిట్టలు లేచిపోయాయట, నాకు కనపడలేదు. అక్క బిందెలకు బిందెలు నీళ్లు కుమ్మరిస్తుంటే ఖాసింబీ పిన్ని అడిగింది: "ఇప్పుడేం కనపడతందిరా అబ్బయ్యా?"

"ఎరుపే పిన్నీ. ఎరుపు తప్ప ఇంకేదీ లేదు."

కృష్ణలో పీకల్లోతు నిలబడి చెప్పమన్నా ఇదే చెబుతాను: ఈ జన్మలో చేతులు కడుక్కోకుండా సైన్సు జోలికి పోను.