గంగులప్ప ఓళిగ

మదనపల్లె టమోటా మార్కెట్‌లో మండీ నడిపే గంగులప్ప పాడ్‌కాస్ట్‌ను అడగనిదే మంచినీళ్ళు కూడా తాగడు. నాయకత్వం, వ్యూహం, కింద పనిచేసేవాళ్ళతో మెలగడం అంటూ పెద్ద కంపెనీల వాళ్ళ కోసం ఎవరెవరో ఫోనులో చెప్పే పాఠాలన్నీ తన మండీ కోసమే చెబుతున్నారని ఆయన నమ్మకం. పొద్దున్నే పుంగనూరులో ఇల్లు వదిలేటప్పుడు కుడి చెవిలోకి ఎక్కిన ఇయర్‌ఫోన్ మళ్ళీ అన్నం ముందు కూర్చున్నప్పుడే దిగేది. ఆయనతో మాట్లాడాలంటే ఎడమవైపుకు వెళ్ళాలి. ఈ సంగతి తెలియని రైతు ఎవరైనా కుడివైపు నిలబడి తన కష్టమంతా చెప్పుకుంటే గంగులప్ప ఎంతో శ్రద్ధగా తలాడించేవాడు. ఆ తలాడింపు తనకు కాదని తెలుసుకోవడానికి పాపం ఆ రైతుకు చాలాసేపు పట్టేది.

ఎపిసోడ్ పూర్తికాకుండానే మార్కెట్ వచ్చేస్తే జీపును గేటుకు అడ్డంగా ఆపి, మిగతాది విని గానీ లోపలికి వచ్చేవాడు కాదు. వెనక టమోటా బండ్లు బారులు తీరి హారన్లు కొట్టేవి. "అన్నా, కాయ మెత్తబడతాండాది, జీపు తియ్" అని డ్రైవర్లు మొత్తుకునేవాళ్ళు. "ఓపికే లీడరుకు మొదటి లక్షణమప్పా, ఇప్పుడే చెప్పినాడు" అని గంగులప్ప వాళ్ళకే పాఠం చెప్పేవాడు.

రోజూ వేలంపాట మొదలయ్యే ముందు మండీలో అందరూ నిలబడి మీటింగు జరపాలి. కూర్చుంటే మీటింగు సాగుతుందని పాడ్‌కాస్ట్‌లో చెప్పారట. ఒక్కొక్కరూ ఆ రోజు తమ లక్ష్యమేమిటో చెప్పాలి. ఒకసారి హమాలీ మునిరత్నం నెత్తిన టమోటా క్రేటుతో నడుస్తుండగానే మీటింగు మొదలైపోయింది.

"మునిరత్నం, నీ లక్ష్యమేంది?"

"దీన్ని దించడమన్నా."

"అది ఈ పూటది. దూరం ఆలోచించల్ల. అయిదేండ్లకు యాడుంటావు?"

"నువ్వు వదిల్తే ఆడ, ఆ గోడ కాడ ఉంటా."

ఇవన్నీ ఒక ఎత్తు, ఓళిగ పద్ధతి ఒక ఎత్తు. ఎవరినైనా తప్పుపట్టాల్సి వస్తే ముందు ఒక పొగడ్త, మధ్యలో అసలు తిట్టు, చివర ఇంకో పొగడ్త పెట్టాలని గంగులప్ప ఏదో ఎపిసోడ్‌లో విన్నాడు. అందులో దానికి ఏదో రొట్టె పేరు పెట్టారట. మనవాళ్ళకు ఆ రొట్టె ఏం తెలుస్తుందని ఆయన దాన్ని ఓళిగ చేశాడు. బొబ్బట్టునే అక్కడ ఓళిగ అంటారు. పైనా కిందా పిండి, మధ్యలో పూర్ణం.

"ఓళిగలో పూర్ణం తీపి కదన్నా" అన్నాడు మునిరత్నం.

"మన ఓళిగలో కారం ఉంటాది. గమ్మున తిను" అన్నాడు గంగులప్ప.

అప్పటినుంచీ ఆ మండీలో పొగడ్తకు పొంగిపోయేవాళ్ళు లేకుండా పోయారు. "నీ నడక బాగుండాదప్పా" అంటే చాలు, ఆ నడిచేవాడి కాళ్ళు వణికేవి.

అందరికంటే ఎక్కువ వణికేవాడు మునిచంద్ర. మండీలో వేలం పాడేది అతనే. వరసగా పేర్చిన క్రేట్ల మధ్య నడుస్తూ ధర పలకడం, వ్యాపారులు పెంచుతూ పోతుంటే అందుకోవడం, ఆఖరి మాట చెప్పినవాడికి ఆ క్రేట్ల లాటు కొట్టేయడం అతని పని. అలాంటివాడికి సరిగ్గా వినపడదు. వయసులో ఉండగా కుప్పం దగ్గర రాయి కోసే చోట పనిచేశాడు. ఆ మిషన్ల మోత ఒక చెవిని తినేసింది, రెండోది కూడా మెల్లగా ఆ దారే పట్టింది. ధర వినలేనివాడు వేలం ఏం పాడతాడు? అందుకే భార్య యమునకు తప్ప ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పెదవులు చూసి, ముఖాలు చూసి నెట్టుకొస్తున్నాడు. గొంతు మాత్రం తనకు వినపడేదాకా పెంచుకుంటూ పోయాడు కాబట్టి, నిమ్మనపల్లె బస్సులో పోయేవాళ్ళకు కూడా ఆ రోజు టమోటా ధర తెలిసేది.

ఒకరోజు కుప్పం వ్యాపారి రాజగోపాల్ వెనకనుంచి ధర పెంచాడు. మునిచంద్రకు వినపడలేదు. ముందున్నవాడికి తక్కువకే లాటు కొట్టేశాడు. రాజగోపాల్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"నేను అరస్తానే ఉండాను గదప్పా, నా మాట యాల తీసుకోలేదు?"

"లారీ మోతలో ఇనపడలేదప్పా" అన్నాడు మునిచంద్ర.

ఆ చుట్టుపక్కల అప్పుడు లారీ అన్నదే లేదు. కాయ తెచ్చిన రైతు ముఖం వాడిపోయింది. గంగులప్ప వచ్చి, అందరూ చూస్తుండగా చెవిలోని ఇయర్‌ఫోన్ తీశాడు. అన్నం లేకుండా అది దిగడం ఎవరూ చూసి ఎరగరు కాబట్టి జనమంతా నోరు మూసుకున్నారు. ఆయన మునిచంద్ర వంక కాసేపు చూసి, "మళ్ళా మొదట్నించీ పాడప్పా" అని మాత్రం అన్నాడు. మునిచంద్ర మళ్ళీ మొదటి నుంచి పాడాడు.

మర్నాటి మీటింగులో కొత్త రూలు వచ్చింది.

"ఇంగ మీదట ధర ఎవురూ నోటితో చెప్పగూడదు. చెయ్యెత్తి వేళ్ళతో చూపించల్ల. పాడ్‌కాస్ట్‌లో చెప్పినారు."

"ఏమన్నా, మండీలో మౌనవ్రతమా?" అన్నాడు రాజగోపాల్.

"పెద్ద కంపెనీల్లో మాటలు తక్కువప్పా. నేర్చుకో."

కొన్నాళ్ళకు ఇంకోటి. పాడేవాడి వెనకా పక్కనా ఎవరూ నిలబడకూడదు, అందరూ ఎదురుగానే ఉండాలి. కళ్ళల్లోకి చూస్తేనే నమ్మకం కుదురుతుందని పాడ్‌కాస్ట్‌లో చెప్పారట. ఆ తర్వాత బిల్లులు రాసే సుష్మ చేతికి ఒక పలక వచ్చింది. వచ్చిన ప్రతి ధరనూ పెద్దగా రాసి మునిచంద్ర కళ్ళ ముందు ఎత్తి పట్టుకోవాలి. దీన్ని పారదర్శకత అంటారని గంగులప్ప చెప్పాడు. "డిగ్రీ సదివినాక మళ్ళా పలక పట్టిస్తివే అన్నా" అని సుష్మ నిట్టూర్చింది.

వ్యాపారులు గొణుక్కున్నారు. మునిచంద్ర మాత్రం లోలోపల మొక్కుకున్నాడు. ఎక్కడ కూర్చుని చెబుతున్నాడో గానీ ఆ పాడ్‌కాస్ట్ మనిషి పిల్లాపాపలతో చల్లగా ఉండాలి. తన అవసరం తెలిసినట్టే ఒక్కొక్క ఎపిసోడ్ వస్తోంది. "దేవుడు ఫోన్లోనే ఉండాడే" అని యమునతో చెప్పాడు.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక పొద్దున గంగులప్ప వచ్చి అతని ఎదురుగా నిలబడి, "మునిచంద్రా, నీయంత గొంతు ఈ సుట్టుపక్కల ఎవురికీ ల్యాదప్పా" అన్నాడు.

మునిచంద్రకు అర్థమైపోయింది. పై పిండి పడింది, ఇక పూర్ణం రావాలి. గంగులప్ప నోరు తెరిచాడు, మూశాడు, వెళ్ళిపోయాడు. మర్నాడు వచ్చి "నీ మీసం బాగుండాది" అన్నాడు. ఆ మర్నాడు "ఈ చొక్కా యాడ కుట్టించినావప్పా, బో బాగుండాదే" అన్నాడు. పూర్ణం మాత్రం రాదు. తిట్టు తిన్నవాడు ఇంటికెళ్ళి పడుకోవచ్చు గానీ, తిట్టు దారిలో ఉందని తెలిసినవాడికి అన్నం కూడా దిగదు. మునిచంద్ర చిక్కిపోయాడు. మీసం తీసేస్తే పొగడ్తలు ఆగుతాయేమోనని కూడా ఆలోచించాడు.

"అన్న ఇప్పుడు ఏమి ఇంటాండాడమ్మా?" అని సుష్మను అడిగాడు.

సుష్మ అలవాటుగా పలక తీసుకుని రాసి చూపించింది. చెప్పలేని మాటను మనిషికి ఎట్ల చెప్పాలో, దాని గురించట.

ఇంక సందేహం లేదు. పనిలోంచి తీసేసే మాట కాక చెప్పలేని మాట ఇంకేముంటుంది? ఇంటికెళ్ళి యమున ముందు కూలబడ్డాడు.

"శాంతిపురంలో మా తమ్ముని అడగనా? రాయి పాలిష్ పని ఉండాదంట" అంది యమున.

"నా చెవులు తిన్నది ఆ రాయే గదే."

"ఇంగ తినేదానికి ఏముండాదిలే" అనేసింది యమున. అన్నాక ఆమెకే నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. మునిచంద్రకు రెండూ రాలేదు.

ఆ మర్నాడే పాట ముగిశాక గంగులప్ప ఎదురుగా వచ్చి, "జీపెక్కప్పా, ఒక సోటికి పోవల్ల" అన్నాడు. జీపులో ఆయన రోడ్డు చూస్తూ దారంతా ఏదో చెబుతూనే ఉన్నాడు. పెదవులు కనపడక మునిచంద్ర "అవునన్నా", "సరేనన్నా" అంటూ కూర్చున్నాడు. తనను తీసేయడానికి తానే ఒప్పుకుంటున్నానేమో అనే అనుమానం వచ్చాక "వద్దన్నా", "కాదన్నా" అనడం మొదలుపెట్టాడు. గంగులప్ప వింతగా చూసి జీపు ఆపాడు.

ఎక్కడ ఆగారో కూడా మునిచంద్ర చూడలేదు. ఇక తట్టుకోలేకపోయాడు.

"అన్నా, నేనే చెప్పేస్తా. నాకు సెవులు ఇనపడవు. నిన్ను మోసం చేసినాను. తీసేస్తే తీసెయ్, ఒగే మాటతో చెప్పు. రోజూ ఈ పిండి నావల్ల కాదు."

గంగులప్ప అతని భుజం పట్టి తనవైపు తిప్పుకున్నాడు. పెదవులు కనపడేలా, ఒక్కొక్క మాటే అన్నాడు.

"తెలుసప్పా. రాజగోపాల్ మాట నీకు ఇనపడని నాడే తెలిసె."

"మరి యాల చెప్పలేదు?"

"చెప్పల్లనే కదా ఇన్ని దినాలు నీ సుట్టూ తిరిగినాను. ఆ ఎపిసోడ్లన్నీ ఇన్నాను. మనిషిని పనిలోనించి యట్ల తీసెయ్యల్లో అందురూ చెప్తారు. పనిలో పెట్టుకునేదానికి యట్ల చెప్పల్లో ఒగడూ చెప్పలా."

మునిచంద్ర అప్పుడు తలెత్తి చూశాడు. జీపు మిషనరీ ఆసుపత్రి ముందు ఉంది. లోపల చెవులు పరీక్షించే బీనా అతన్ని చూడగానే, తనకెదురుగా కూర్చోబెట్టుకుని నిదానంగా మాట్లాడింది.

"వచ్చినారా. మీకోసం ఈయన నా ప్రాణం తీస్తా ఉండాడు. ఎదురుగా నిలబడి మాట్లాడమని, రాసి చూపమని నేనే చెప్పినాను. అదంతా తీసుకుపోయి పాడ్‌కాస్ట్‌లో చెప్పినారని మీకు చెప్పినాడంట గదా."

మునిచంద్ర గంగులప్పను చూశాడు. ఆయన గోడ మీది చెవి బొమ్మను చూస్తున్నాడు.

"మరి ఆ వేళ్ళతో చూపించేది?"

"అది మా నాయనది. పుంగనూరు సంతలో ఎద్దుల బేరం చేసేటోడు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు గదా. నేను తువ్వాలు తీసేసినాను, అంతే."

పరీక్షలన్నీ అయ్యాక బీనా అతని చెవిలో చిన్న మిషను అమర్చింది. ముందు ఫ్యాను వినపడింది. తర్వాత బయట ఎవరో దగ్గడం. ఆ తర్వాత సన్నగా, గొణుగుతున్నట్టు ఒక మగ గొంతు. అది గంగులప్ప మెడలో వేలాడుతున్న ఇయర్‌ఫోన్‌లోంచి వస్తోంది. మునిచంద్ర భక్తిగా చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ తాను మొక్కుకున్న మనిషి, బిస్కెట్ ప్యాకెట్టు ఏ రంగులో ఉంటే బాగా అమ్ముడుపోతుందో చెబుతున్నాడు.

"ఇదేనాన్నా?"

"ఇదే."

"దీంట్లో మన మాట ఒగటీ లేదే."

"ల్యాదప్పా. నేను చెప్తే మీరు ఇంటారా? ఫోన్లో చెప్పినారంటే ఇంటారు."

మునిచంద్రకు నవ్వొచ్చింది గానీ, తన నవ్వు తనకు వినపడేసరికి భయం కూడా వచ్చింది. ఈ మిషను పెట్టుకుని మండీలోకి ఎలా వెళ్ళేది? చెవిటివాడి పాట మాకొద్దని వ్యాపారులు అంటే? ఆ మాటే పైకి అన్నాడు. గంగులప్ప గడ్డం గోక్కుంటూ, "దానికొక ఎపిసోడ్ ఉండాదిలే" అన్నాడు.

మర్నాటి మీటింగులో ఆయన సంచి బోర్లించాడు. నిండా ఇయర్‌ఫోన్లు.

"ఇంగ మీదట ఈ మండీలో పనిచేసే ప్రతి ఒకరి సెవిలో ఏదో ఒకటి ఉండల్ల. పాడ్‌కాస్ట్‌లో చెప్పినారు."

మునిరత్నం ఒకటి పెట్టుకుని చూశాడు. "దీంట్లో ఏమీ ఇనపళ్ళేదే అన్నా."

"ఇనపడకపోయినా లీడరుగా ఉండొచ్చు. పెట్టుకో."

అన్ని చెవులూ నిండి ఉన్నాయి కాబట్టి మునిచంద్ర చెవి వైపు ఎవరూ చూడలేదు. సుష్మ పలకను బల్ల కిందికి తోసేసింది. మునిచంద్ర మొదటి లాటు దగ్గర నిలబడి, ఎప్పటిలాగే నోరు తెరిచి ధర పలికాడు. ఆ అరుపుకు అందరికంటే ముందు అతనే ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. ఇంత ఘోరంగా అరిచింది ఎవరా అనుకున్నాడు.

"మునిచంద్రా" అని వెనకనుంచి ఎవరో మెల్లగా పిలిచారు. అతను తిరిగాడు. గంగులప్ప ముఖం వెలిగిపోయింది.

"నీకు ఇంకొక పొగడ్త రావల్ల గదా. అది చెప్పేదానికి వచ్చినా."

"చెప్పన్నా."

"నీ పాట పుంగనూరులో మా ఇంటిదాకా ఇనపడతాది. దీని ముందు నా పాడ్‌కాస్ట్ ఇనపళ్ళేదు. రోంత తగ్గించు."

"ఇది పై పిండా అన్నా, పూర్ణమా?"

"నీకు ఇనపడింది గదా, నువ్వే చెప్పు" అని గంగులప్ప కుడి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మునిచంద్ర నవ్వుకుంటూ గొంతు తగ్గించి రెండో లాటు అందుకున్నాడు. అతని వీపు వెనక మునిరత్నం క్రేటు దించుతూ సుష్మతో గుసగుసలాడాడు.

"నేను ఆ పొద్దే చెప్పినా గదమ్మా, ఓళిగలో పూర్ణం తీపని. పాపం మునిచంద్రన్నకు తన సెవుల సంగతి మనందరికీ తెలుసని తెలీదు, గమ్మునుండు."

అటు తిరిగి ఉన్న మునిచంద్రకు ఆ మాట బాగా వినపడింది. వినపడనట్టే పాట పాడుకుంటూ ముందుకు పోయాడు.